మన అక్షరాలకూ సొంత బోల్డ్ కావాలి

(అచ్యుతాపురం సభలో చేసిన ప్రసంగ పాఠం)



థింసా ఆడే వేదిక మీద ఫాంట్ల మాట ఏమిటని మీరు అనుకోవచ్చు. మన మాట పుస్తకంలోకి, ఫోన్‌లోకి ఎక్కాలంటే ఫాంటే దారి.

గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. 1936లో మంగేయి గొమాంగో గారు సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి చేశారు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. గుంజాల గోండి లిపి 2018లో చేరింది. లిపికి చోటు దొరికింది. ఇక దాన్ని చక్కగా అచ్చువేసుకోవడం మన పని.

గిడుగు వారి పేరుతో ఉచిత తెలుగు ఫాంటు ఒకటి ఉంది. దానికి ఒకటే రూపం, బోల్డ్ లేదు. అలాంటి ఫాంటులో టైపు చేసి ‘బి’ బొత్తం నొక్కితే కంప్యూటరే గీతల్ని లావు చేసి దొంగ బోల్డ్ చూపిస్తుంది. ‘థింసా’లో థ చూడండి. కడుపులో చుక్క ఉంటేనే అది థ. గీత లావెక్కి చుక్కను మింగేస్తే ధ అయిపోతుంది. పాఠంలో కొత్త పదాన్నే మనం బోల్డ్‌లో ఇస్తాం. ఆ పదమే పిల్లకు మసకగా కనబడితే తప్పు పిల్లది కాదు.

దీనికి ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో పైథాన్‌తో స్క్రిప్టు రాయవచ్చు. ఇక్కడ స్క్రిప్టు అంటే లిపి కాదు, కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల చిట్టా. వందల అక్షరాల గీతల్ని అది ఒకే కొలతలో లావు చేస్తుంది. రెగ్యులర్‌కు 400, బోల్డ్‌కు 700 అని బరువు రాస్తుంది. అన్ని ఫైళ్లకూ ఒకే ఇంటిపేరు పెడుతుంది. అప్పుడు ‘బి’ నొక్కితే అసలు బోల్డే వస్తుంది.

కానీ స్క్రిప్టుకు కన్ను లేదు. గీతకు రెండు వైపులా 15 యూనిట్లు పెంచితే, 40 యూనిట్ల సందు 10కి వచ్చేస్తుంది. అలా మూసుకుపోయిన అక్షరాల్నీ, ఒరుసుకున్న వత్తుల్నీ మనిషే కూర్చుని దిద్దాలి.

ఇటాలిక్ కూడా స్క్రిప్టే వాల్చి ఇస్తుంది. అయితే వాలు అక్షరం రోమన్ లిపి అలవాటు. మన గుండ్రటి అక్షరాలకు అది తప్పనిసరి కాదు. ముందు బోల్డ్ బాగుంటే చాలు.

కంప్యూటర్ చదివిన మన యువకులు లైసెన్సు చూసుకుని ఈ పని మొదలుపెట్టండి. అచ్చు తీసిన కాగితం ముందు మన భాష చదవగలిగిన పెద్దల చేతిలో పెట్టండి, తర్వాత మూడో తరగతి పిల్ల చేతిలో పెట్టండి. ఆ పిల్ల తడబడకుండా చదివిందంటే ఆ ఫాంటు పాసైనట్టే.

జై ఆదివాసీ!