షగాల్ కిటికీలు, షార్ల్ మార్క్ గాజు

జెరూసలేంలోని హదస్సా ఆసుపత్రి ప్రార్థనామందిరంలో 12 రంగుగాజు కిటికీలున్నాయి. ఇజ్రాయెల్ గోత్రాలకు ఒక్కొక్కటి. వాటి రూపశిల్పి చిత్రకారుడు షగాల్. గాజుపని ఫ్రాన్సులోని రాన్స్ నగరానికి చెందిన షార్ల్ మార్క్‌ది.

మామూలుగా రంగు మారినచోటల్లా గాజును కోసి, సీసపు పట్టీతో అతుకుతారు. ఆ నల్లని పట్టీలు బొమ్మకు అడ్డొస్తాయి. మార్క్ రంగుపొర ఉన్న గాజు తీసుకుని, ఆ పొరను ఆమ్లంతో కావలసినచోట పలచబరిచాడు. దాంతో ఒకే పలకలో రెండు మూడు రంగులు ఇమిడాయి. వాటిపై గీతలు, నీడలు షగాల్ స్వయంగా దిద్దాడు. ఆ గీతలు, నీడలు నిలవడానికి పలకలను కొలిమిలో కాల్చారు.

1962 ఫిబ్రవరిలో ఈ కిటికీలను ఆవిష్కరించారు. జర్మనీలోని మైంట్స్ నగరంలో ఒక చర్చికీ ఈ ఇద్దరే పనిచేశారు. 1985లో షగాల్ మరణించాక, అక్కడ మిగిలిన కిటికీలను మార్క్ తన సొంత రూపకల్పనతో పూర్తిచేశాడు.