సంచి ఆపరేషన్ గురించి నాలుగు మాటలు

పొదుపు, అప్పుల లెక్కలు ఇంతకుముందే చదివారు కాబట్టి నేను వేరే సంగతి చెప్తాను. మా సంఘంలో ఒక అక్క అయిదు నెలలుగా మీటింగుకు రావట్లేదు. పొదుపు డబ్బులు మాత్రం కూతురితో పంపిస్తుంది. ఆమెను అడిగి, పేరు చెప్పనని మాట ఇచ్చి మాట్లాడుతున్నాను.

ఆమెకు టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడింది. డాక్టర్లు చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట మీదికి తీసి, అక్కడ సంచి అంటించారు. దీన్ని ఇలియోస్టమీ అంటారు. పేగు టీబీ, క్యాన్సర్, పెద్దపేగు పుండ్ల జబ్బు ఉన్నవాళ్ళకూ అవసరమైతే చేస్తారు. కాలవకు గండి పడితే నీళ్ళు పక్కకు తిప్పి గట్టు వేసుకోమూ, అలాగే లోపల మానేదాకా మలానికి వేరే దారి. చాలామందికి కొన్ని నెలలయ్యాక పేగు మళ్ళీ లోపల కలుపుతారు. కొందరికి జీవితాంతం ఉంటుంది. మన అక్కకు కలుపుతామనే చెప్పారు.

పొట్ట మీద ఎర్రగా, తడిగా కనిపించేది పుండు కాదు, పేగే. ముట్టుకుంటే నొప్పి ఉండదు. తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపిస్తే భయపడక్కర్లేదు. నల్లబడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి. మలం జావలాగా వస్తూనే ఉంటుంది, ఆపుకోవడం మనిషి చేతిలో లేదు. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకోవాలి. సంచి రంధ్రం పేగు కొలతకే కత్తిరించాలి, పెద్దదైతే మలం తగిలి చర్మం పొక్కిపోతుంది. మొదటి వారాల్లో పేగు వాపు తగ్గుతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ కొలుచుకోవాలి. నర్సమ్మ నేర్పేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఒకరు పక్కనుండి చేత్తో చేసి చూడాలి. అక్క భర్త ఆ టైముకు టీ తాగడానికి పోయాడంట!

ఇప్పుడు అసలు మాట. బ్యాంకులో సంతకాలకు రమ్మంటే అక్క వచ్చింది. సంచి నిండితే నలుగురిలో పరువు పోతుందని పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టలేదు. ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. పెద్దపేగు చేసే పెద్ద పని నీళ్ళు, ఉప్పు పీల్చుకోవడం. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు ఆ పని జరగదు, రెండూ సంచిలోకి పోతాయి. వట్టి నీళ్ళు ఎన్ని తాగినా ఉప్పు లోటు తీరదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలో కలిపి తాగాలి, ఉప్పు వేసిన గంజి, మజ్జిగ కూడా మంచివే. మూత్రం ముదురు రంగులో కొంచెమే వచ్చినా, పిక్కలు పట్టేసినా, సంచి మామూలుకంటే పల్చగా, ఎక్కువగా నిండుతున్నా ఆలస్యం చేయకూడదు. కొన్ని గంటలు ఏమీ రాక, కడుపు నొప్పి, వాంతులు అయితే పేగు అడ్డుపడిందని అనుమానించి పరుగెత్తాలి.

తిండి మానక్కర్లేదు. మెత్తటి అన్నం, పప్పు, అరటిపండుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా అన్నీ తినొచ్చు. కొబ్బరి, వేరుశనగ, మొక్కజొన్న మొదట్లో వద్దు, తర్వాతైనా బాగా నమలాలి. స్నానం చేయొచ్చు. నీళ్ళ బిందెలు, గడ్డిమోపులు మాత్రం డాక్టరు సరే అనేదాకా ఎత్తకూడదు, హెర్నియా వస్తుంది. మనూళ్ళో ఆ మాట చెప్తే అత్తగార్లు నమ్మరు, మనం వెళ్ళి చెప్పాలి.

ఇంకొకటి చెప్పకపోతే తప్పు. ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి వెళ్ళి నేను గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చేశాను. వాసన వస్తుందేమోననుకున్నా. మొన్న లోపలికెళ్ళి పక్కన కూర్చున్నా, ఏ వాసనా లేదు. సంచి సరిగ్గా అంటుకుని ఉంటే రాదంట. "మీటింగుకు రా అక్కా" అన్నాను. "మన ఆఫీసు బాత్రూముకు గడియ లేదు కదా, నేను సంచి ఎక్కడ కడుక్కోవాలి?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. గడియ, ఒక బకెట్, మగ్గు ఈ నెలలోనే పెట్టించాలని తీర్మానం పుస్తకంలో రాయమని కోరుతున్నాను.