కొత్త కంప్యూటరు, పాత తాళాలు

(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి "ఈసారి డి.ఏ. బకాయిల మాట వద్దు, పాస్‌వర్డ్ల సంగతి చెప్పండి" అన్నారు. డి.ఏ. గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ హాలులో ముప్పైమంది ఉన్నారు కనుక వెంటనే ఒప్పుకున్నాను.

ఈ విషయం ఇప్పుడెందుకు వచ్చిందంటే, విండోస్ 10 అనే కంప్యూటరు వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ కంపెనీ 14-10-2025తో మద్దతు ముగించింది. ఒక ఏడాది పొడిగింపు పథకం ఉన్నదిగాని, "ఎందుకు నాన్నా ఆ పాతది" అని పిల్లలు కొత్తవి కొనిపెట్టారు. అప్పటినుండి మా ఇంటికి వచ్చినవారిలో ఎక్కువమంది మాట ఒక్కటే, "పాస్‌వర్డ్లన్నీ పోయాయి సార్" అని. కూర్చోబెట్టి చూస్తే, ఒక్కరివి తప్ప ఎవరివీ పోలేదు. ఆ ఒక్కరి సంగతి చివర చెబుతాను.

పాస్‌వర్డ్ మేనేజర్ అంటే తెలియనివారి కోసం రెండు మాటలు. బ్యాంకుకొకటి, ఈ-మెయిలుకొకటి, ఇన్‌కంటాక్సుకొకటి, కరెంటు బిల్లుకొకటి, ఇన్ని పాస్‌వర్డ్లు మన వయసులో గుర్తుండవు. అన్నింటికీ ఒకటే పెట్టుకుంటే ఒకచోట దొంగ చేతిలో పడితే అన్నిచోట్లా పడినట్లే. అందుచేత అన్నింటినీ ఒక పెట్టెలో పెట్టి, పెట్టెకు ఒకే పెద్ద తాళం వేస్తారు. ఆ పెద్ద తాళాన్ని మాస్టర్ పాస్‌వర్డ్ అంటారు. గూగుల్ క్రోమ్‌లో అటువంటి పెట్టె ఒకటి ఉన్నది, దానికి తాళం మన గూగుల్ ఖాతాయే. బిట్‌వార్డెన్ వంటివి విడిగా ఉన్నాయి.

ఆ పెట్టె ఎక్కడుంటుంది అన్నది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. కంభం చెరువును తలుచుకోండి. చెరువు ఒకటే, తూములు వేరు. మీ పొలానికి నీళ్ళు రాలేదంటే చెరువు ఎండిందని కాదు, మీ వైపు తూము తెరవలేదని. పాస్‌వర్డ్ల చెరువు ఆ కంపెనీవారి కంప్యూటర్లలో, రహస్య లిపిలో ఉంటుంది. మీ ఫోను ఒక తూము, పాత కంప్యూటరు ఒక తూము, కొత్తది ఇంకొకటి. ఒక్క తేడా ఉన్నది. పొలంలోని నీళ్ళు మళ్ళీ చెరువులోకి పోవు, ఇక్కడ పోతాయి. ఫోనులో మార్చినది చెరువుకు చేరి, అక్కడినుండి కంప్యూటరుకు వస్తుంది. దీన్నే సింక్ అంటారు.

ఇక నేను చూసిన కేసులు. కంభం మిత్రులొకరికి అల్లుడుగారు ల్యాప్‌టాప్ తెచ్చి, అన్నీ సిద్ధం చేసి హైదరాబాదు వెళ్ళిపోయారు. మామగారు క్రోమ్ తెరిచి బ్యాంకు పేజీకి వెళితే తన పేరు రాలేదు, అల్లుడి పేరు వచ్చింది! కంగారుపడి నా దగ్గరకు వచ్చారు. క్రోమ్‌లో పైన కుడిచేతి మూల గుండ్రని బొమ్మ ఒకటి ఉంటుంది. దానిమీద నొక్కితే ఎవరి ఖాతాతో తెరిచి ఉన్నదో కనిపిస్తుంది. అల్లుడిది. మామగారి ఖాతాతో వేరే ప్రొఫైల్ పెట్టి లోపలికి వెళ్ళగానే నిమిషం గడవకుండా అన్నీ వచ్చాయి. అల్లుడిగారి ఖాతాను అందులోనుండి తీసివేయించాము, అది ఆయనకూ మంచిదే. కనుక మొదట చూడవలసినది ఆ మూల.

రెండవది ఇంకా చిన్నది. పాత కంప్యూటర్లో క్రోమ్ వాడేవారు. కొత్తదాంట్లో కొన్ననాటినుండీ ఎడ్జ్ అనే బ్రౌజరు ఉంటుంది, అదే తెరుస్తారు. క్రోమ్‌లో దాచినవి ఎడ్జ్‌లో కనబడవు. ఎస్.బి. ఖాతా పాసుబుక్కు పట్టుకుని పోస్టాఫీసుకు వెళితే ఎలా? క్రోమ్ పెట్టుకోండి, అంతే.

మూడవది కొంచెం ప్రమాదమైనది. కొందరు పాత కంప్యూటర్లో ఏ ఖాతాతోనూ లోపలికి వెళ్ళకుండానే "సేవ్" నొక్కుతూ వచ్చారు. అవి చెరువులోకి ఎప్పుడూ చేరలేదు, ఆ ఒక్క యంత్రం కడుపులోనే ఉన్నాయి. గిద్దలూరులో ఒక మిత్రులు పాతదాన్ని ఫార్మాట్ చేయించి అమ్మడానికి దుకాణంలో ఇచ్చారు. ఫార్మాట్ అంటే మన మార్కాపురం పలక మీద తడిగుడ్డ వేసి తుడవడమే. అదృష్టవశాత్తు ఆరోజు కరెంటు లేక దుకాణంవారు పని మొదలుపెట్టలేదు. మర్నాడు వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నారు. అందులో క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగులలో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. దాంతో ఒక ఫైలు తయారైంది, పెన్‌డ్రైవులో కొత్తదానికి తీసుకువెళ్ళి ఇంపోర్ట్ చేశాము. ఒక హెచ్చరిక చెప్పాలి. ఆ ఫైలులో పాస్‌వర్డ్లు అన్నీ విప్పి, పేపరులో వార్తలాగా కనబడతాయి. పని అయిన వెంటనే పెన్‌డ్రైవునుండీ, రెండు కంప్యూటర్లనుండీ తీసివేసి, రీసైకిల్ బిన్ కూడ ఖాళీ చేయండి. దాన్ని ఎవరికీ వాట్సాప్‌లో పంపవద్దు, కన్నకొడుకుకైనా సరే. పాత కంప్యూటరును కనీసం ఒక నెల, అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకునేవరకు, అమ్మవద్దు, తుడవవద్దు.

విడి మేనేజర్ వాడేవారికి వచ్చే చిక్కు ఏమంటే, సరైన మాస్టర్ పాస్‌వర్డే కొట్టినా "తప్పు" అంటుంది. నూరుసార్లు కొట్టకండి. ముందు కన్ను బొమ్మ నొక్కి, ఏమి పడుతున్నదో చూడండి. మన ఇళ్ళలో తెలుగు కీబోర్డు కూడ పెట్టించుకుంటాము కదా, అది తెలుగులో ఉండిపోతుంది. చుక్కలే కనబడతాయి కనుక లోపల "క" పడిందో "కె" పడిందో మనకు తెలియదు. విండోస్ మీటతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. తరువాత క్యాప్స్ లాక్, నంబర్ లాక్. ఆ తరువాత ఈ-మెయిలు చిరునామా, ఎందుకంటే మనలో చాలామందికి రెండేసి ఉన్నాయి. బిట్‌వార్డెన్‌లో ఇంకొక మెలిక ఉన్నది. అమెరికా, యూరప్ అని రెండు సర్వర్లు ఉన్నాయి, ఖాతా ఒకదాంట్లో తెరిచి రెండవదాంట్లో వెతికితే దొరకదు. కోడ్‌లు చూపే యాప్ వాడేవారు గడియారం కూడ చూసుకోవాలి, యంత్రంలో టైము తప్పితే కోడ్ చెల్లదు.

ఫోనులో మార్చినది కంప్యూటరుకు రాకపోతే, ఇంటర్‌నెట్ ఉన్నదో లేదో చూసి, యాప్ సెట్టింగులలో సింక్ అన్నదాన్ని ఒకసారి నొక్కండి. చాలామటుకు వస్తుంది. రాకపోతే లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ కావాలని పిల్లలు చెబుతారు. ఆగండి! మాస్టర్ పాస్‌వర్డ్ నూటికి నూరుపాళ్ళు గుర్తుంటేనే ఆ పని చేయండి. రిటైరైన హెడ్మాస్టరుగారొకరు రెండేళ్ళుగా వేలిముద్రతోనే ఫోనులో పెట్టె తెరుస్తున్నారు, మాస్టర్ పాస్‌వర్డ్ పూర్తిగా మరిచారు. కొత్త కంప్యూటరు దాన్నే అడిగింది. బిట్‌వార్డెన్ వంటివాటిలో మాస్టర్ పాస్‌వర్డ్ కంపెనీవారికి కూడ తెలియదు, వారు మార్చి ఇవ్వలేరు. ఎందుకివ్వరని కోప్పడి ప్రయోజనం లేదు, వారు ఇవ్వగలిగితే దొంగ కూడ అడిగి తీసుకోగలడు. హెడ్మాస్టరుగారు లాగౌట్ చేసి ఉంటే అంతటితో సరి. చేయలేదు కనుక, వేలిముద్రతో తెరిచి, నలభై ఒక్క పాస్‌వర్డ్లను రెండు సాయంత్రాలు కూర్చుని నోటుబుక్కులో ఎక్కించారు, పిల్లలకు డిక్టేషన్ చెప్పిన చేయి కదా. తరువాత కొత్త ఖాతా తెరిచాము.

అసలు విషయానికి వస్తాను. నేను సబ్ ట్రెజరీలో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో స్ట్రాంగ్ రూముకు డబల్ లాక్ ఉండేది. రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర. డూప్లికేట్ తాళంచెవులు మాత్రం ఆ గదిలో ఎన్నడూ ఉంచకూడదు, వేరేచోట భద్రపరచాలి. దానికి రిజిస్టరు, సంతకాలు. అప్పట్లో విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు చూడండి, మనవాళ్ళు చేస్తున్నదేమిటి? ఈ-మెయిలు పాస్‌వర్డ్ పెట్టెలో దాచారు. కొత్త కంప్యూటర్లో పెట్టె తెరవబోతే "మీ ఈ-మెయిలుకు కోడ్ పంపాము" అంటుంది. రెండవ తాళం పెట్టుకోనివారికి బిట్‌వార్డెన్‌లో ఈ పద్ధతి 2025లో మొదలైంది. కోడ్ చూడాలంటే ఈ-మెయిలు తెరవాలి, ఈ-మెయిలు తెరవాలంటే పెట్టె తెరవాలి. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువా మూసినట్లు!

దీనికి మరో రూపం ఫోను నెంబరు. గిద్దలూరులో ఒక రిటైర్డ్ టీచరమ్మగారి గూగుల్ ఖాతా కొడుకు తెరిచిపెట్టాడు, నెంబరు తనదే ఇచ్చాడు. కొడుకు ఇప్పుడు డల్లాస్‌లో. ఇక్కడ పగలు పదకొండు గంటలకు ఆమె కోడ్ అడిగితే అక్కడ అటూఇటూగా అర్ధరాత్రి. అతడు లేచేసరికి కోడ్‌కు గడువు తీరుతుంది. "అబ్బాయ్, నిద్ర చెడగొట్టుకోవాకు" అని ఆమె వారం రోజులు ఊరుకున్నది. ఆమె చేతిలో ఉన్న నెంబరునే ఖాతాలో వేయించాము. గూగుల్ ఖాతాలో బ్యాకప్ కోడ్‌లని పది ఇస్తారు, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. అవి అచ్చు తీయించి బీరువాలో పెట్టమన్నాను.

కనుక మాస్టర్ పాస్‌వర్డ్, ఈ-మెయిలు పాస్‌వర్డ్, రికవరీ కోడ్‌లు, ఈ మూడూ పెట్టె బయట, కాగితం మీద ఉండాలి. పాస్‌వర్డ్ కాగితం మీద వ్రాయకూడదని కొందరు కుర్రవాళ్ళు గద్దిస్తారు. నేను ఒప్పుకోను. కంప్యూటరుకు పాస్‌వర్డ్ పెట్టే పద్ధతిని 1960 దశకం మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో తెచ్చిన ఫెర్నాండో కోర్బాటోగారే తన పాస్‌వర్డ్లు కాగితాల మీద టైపు చేసి ఉంచుకున్నానని 2014లో పత్రికవారికి చెప్పారు. వారి యంత్రంలోనే ఒకరోజు ఫైళ్ళు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డ్లూ నోటీసుగా కనబడ్డాయట! మన బీరువాలోని కాగితం గిద్దలూరు దాటి పోదు. మానిటరుకు అంటించడం మాత్రం తగదు.

ఇంకొక ముఖ్య విషయం. బ్యాంకు పేజీలో మేనేజర్ తనంతట తాను నింపకపోతే, అది చెడిపోయిందని మీరే చేత్తో కొట్టేయవద్దు. అది చిరునామా చూసి నింపుతుంది. దొంగ పేజీ అచ్చం బ్యాంకులాగే ఉన్నా చిరునామా వేరు కనుక ఊరుకుంటుంది. మన కళ్ళు మోసపోయినచోట అది మోసపోదు. అయితే ఈమధ్య ఇంకొక కారణం కలిసింది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకులు 31-10-2025లోగా తమ చిరునామాలను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అన్న ముగింపుకు మార్చుకోవలసి వచ్చింది. కొత్త కంప్యూటర్లూ అప్పుడే, ఈ మార్పూ అప్పుడే, అందుకని తప్పంతా కంప్యూటరు మీద పడింది. కొత్త చిరునామాను బ్రాంచిలో అడిగి తెలుసుకుని, పెట్టెలోని ఆ పద్దులో చేర్చండి, మళ్ళీ నింపుతుంది. గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి దొరికిన నెంబరుకు ఫోను చేయకండి. "మీ కంప్యూటరు మేమే చూస్తాము, ఈ యాప్ వేసుకోండి" అంటే పెట్టేయండి. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి చెప్పాలి.

మొదట చెప్పిన ఆ ఒక్కరి సంగతి. మన సభ్యులే, పోయిన సంవత్సరం కాలం చేశారు. పద్ధతిగల మనిషి, అన్నీ పెట్టెలోనే ఉంచారు. కొత్త కంప్యూటరు కొన్న మూడు నెలలకు గుండెపోటు. పాతది మార్పిడిలో పోయింది, ఫోనుకు ఏ నెంబరు తాళం వేశారో ఎవరికీ తెలియదు. ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఆఫీసులో ఉన్నాయి కనుక అది వచ్చింది. కాని డిపాజిట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ బీమాకు ప్రీమియం కడుతున్నారో ఆ ఇల్లాలికి తెలియదు, రసీదులన్నీ ఈ-మెయిలుకే వచ్చేవి. కొడుకూ నేనూ కలిసి పాత పాసుబుక్కులలోని పద్దులు చూసుకుంటూ ఒక్కొక్క బ్యాంకుకు వెళ్ళాము. నాలుగు నెలలు పట్టింది. దొరకనివి ఏమైనా ఉన్నాయేమో ఇప్పటికీ చెప్పలేము. పిల్లల ఫొటోలు, ఆయన చేతి లెక్కలు అన్నీ ఆ పెట్టెలోనే ఉండిపోయాయి.

గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని 2013 నుండి ఉన్నది. మనం ఇన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఎవరికి కబురు చేయాలో, ఏవి ఇవ్వాలో ముందే వ్రాసిపెట్టవచ్చు. మన భాషలో నామినీ. బిట్‌వార్డెన్‌లో కూడ అటువంటిది ఉన్నది, దానికి చందా కట్టాలి. ఇవేవీ చేతకాకపోతే, ఇందాక చెప్పిన మూడూ, ఫోను తెరిచే నెంబరూ ఒక కవరులో పెట్టి, అతికి, మీదుగా సంతకం చేసి, ఎక్కడ ఉన్నదో ఇంట్లో ఆమెకు చెప్పండి. భర్త పాస్‌వర్డ్ భార్యకెందుకని ఒకరిద్దరు నవ్వుతున్నారు. ఆ నాలుగు నెలలు ఆమె బ్యాంకు బల్లల మీద కూర్చోవడం నేను చూశాను. పాస్‌వర్డ్ మార్చినప్పుడు కవరూ మార్చండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజున ఆ కవరు విప్పి, అందులోనిది ఇంకా పనిచేస్తున్నదో లేదో కొట్టి చూసి మళ్ళీ మూయండి.

భోజనాల తరువాత వెనుక బల్ల దగ్గర నేను ఉంటాను. ల్యాప్‌టాప్ తెచ్చినవారు అక్కడికి రండి, ఒక్కొక్కరిది చూద్దాము. మాస్టర్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరూ నాకు చెప్పవద్దు, మీరు కొట్టేటప్పుడు నేను అటు తిరిగి కూర్చుంటాను.