నడిస్తే పిక్క పట్టేస్తోందా? కాలు పోకముందే తెలుసుకోండి

నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో నాన్న, తాతయ్యల కోసం. ఫోన్ మీ చేతిలో ఉంటుంది కాబట్టి మీకు చెబుతున్నా.

మైపాడు, కోడూరు, ఇసకపల్లి లాంటి సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఒకే మాట అంటారు. "కొంచెం దూరం నడిస్తే పిక్క పట్టేస్తాది సార్, నిలబడితే తగ్గిపోతాది." వయసు మీద పడిందని సర్దుకుంటారు. కానీ గుండెకు బ్లాక్ వచ్చినట్టే కాలి రక్తనాళానికీ వస్తుంది. నడిచేటప్పుడు కండరానికి రక్తం ఎక్కువ కావాలి. సన్నబడిన నాళం అంత ఇవ్వలేదు. అదీ నొప్పి. పొగ, షుగర్ ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

పరీక్ష తేలికే. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తాం. 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టే. షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు గట్టిపడి అంకె తప్పు చూపించొచ్చు, అందుకే డాప్లర్ స్కాన్ కూడా చేస్తాం.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. పొగ మానడం, రోజూ నడక, మందులతో చాలామందికి తగ్గుతుంది. పడుకున్నా నొప్పి ఉన్నా, పుండు మానకపోయినా రక్తదారి తెరవాలి. గజ్జల్లో సూది రంధ్రం చేసి, సన్నని వైరు మీదుగా బెలూన్ పంపి నాళాన్ని వెడల్పు చేస్తాం. అవసరమైతే స్టెంట్ పెడతాం. బ్లాక్ బాగా పొడుగుంటే బైపాస్. కాలిలోని సిరనే తీసి కొత్త దారి వేస్తాం.

ఈ వైద్యం మొదలైంది గుండెతో కాదు, కాలితోనే! 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల అవ్వకి కాలు తీసేయాలన్నారు. ఆమె ఒప్పుకోలేదు. డాక్టర్ ఛార్లెస్ డాటర్ సన్నని గొట్టాలతో నాళం తెరిచారు. చివరిదాకా ఆమె తన కాళ్ల మీదే నడిచింది. ఇప్పటి బెలూన్ పద్ధతి ఆ తర్వాత పదేళ్లకు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తెచ్చారు.

ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, విపరీతంగా నొప్పి పుడితే గడ్డ అడ్డం పడినట్టు అనుకోవాలి. దాదాపు 6 గంటల్లో రక్తం తిరిగి అందాలి. వేడినీళ్ల కాపడం, నూనె మర్దన వద్దు. తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే బండెక్కించండి.

ఇక మీ సంగతి. బర్జర్స్ అనే జబ్బు ఎక్కువగా పొగతాగే కుర్రాళ్లకే వస్తుంది. వేళ్లు నల్లబడతాయి. అందులో చిన్న నాళాలే మూసుకుపోతాయి కాబట్టి స్టెంటు, బైపాస్ చాలాసార్లు కుదరవు. పొగాకు పూర్తిగా మానడమే అసలు మందు. రోజుకి ఒక్కటే కదా అనే లెక్క పనిచేయదు.

రొయ్యల గుంటల్లో చెప్పుల్లేకుండా దిగేవాళ్లకి షుగర్ ఉంటే, గుల్ల కోసుకున్నా స్పర్శ తెలియదు. ఈ రాత్రి ఫోన్ టార్చ్ వేసి నాన్న పాదాలు, వేళ్ల సందులు చూడండి. పుండో, నలుపో కనిపిస్తే రేపే తీసుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి.

డౌట్లు కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.