ఊపిరిగొట్టానికి కడియం



చంటిబిడ్డ కాళ్లకు కడియాలు వేస్తారు గదా! బిడ్డ పెరుగుతుంది. కడియం పెరగదు. కొన్నాళ్లకు బిగుసుకుపోతుంది. అప్పుడేం చేస్తారు? కంసాలి దగ్గరికి పోతారు. దాన్ని తీయించి, సాగదీయిస్తారు.

అది కాలికి ఉంది కాబట్టి తీయగలిగారు. అదే కడియం బిడ్డ ఛాతీ లోపల, ఊపిరిగొట్టం మీద ఉంటే? బిగిసినప్పుడల్లా ఛాతీ కోసి తీస్తారా? పసిప్రాణం తట్టుకోలేదు. బిడ్డ పెరిగే కొద్దీ ఆ కడియం దానంతట అదే విచ్చుకోవాలి. పని అయిపోయాక మాయమైపోవాలి.

అలాంటి కడియం ఎక్కడైనా ఉంటుందా అంటారా? ఉంది. ఆ సంగతి వినండి.

అమెరికా దేశంలో మిచిగాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. దానికి పిల్లల ఆసుపత్రి ఉంది. 2012లో మూడు నెలల మగబిడ్డ ఒకడు ఆ ఆసుపత్రిలో ఉన్నాడు. వాడికి ఊపిరి ఆగిపోయేది. ఒళ్లు నీలంగా మారిపోయేది. ఊపిరి ఆడించే యంత్రం పెట్టినా తిప్పలు తప్పలేదు.

ఆ బిడ్డకు వచ్చిన జబ్బేంటి? ఊపిరిగొట్టం మెడలోంచి దిగి, ఛాతీలో రెండు కొమ్మలుగా చీలుతుంది. చెవి డొప్పను పట్టుకుని చూడండి. వంచితే వంగుతుంది, వదిలితే నిలబడుతుంది. ఊపిరిగొట్టం గోడలో కూడా అలాంటి మెత్తని ఎముకే ఉంటుంది. అది గొట్టాన్ని తెరిచి ఉంచుతుంది. ఈ బిడ్డకు ఒక కొమ్మలో అది మరీ మెత్తగా ఉంది. గాలి వదలగానే గొట్టం తడిసిన కాగితంలాగా అణిగిపోయేది. దారి మూసుకుపోయేది.

ఆ ఆసుపత్రిలో గ్లెన్ గ్రీన్ అనే డాక్టరు ఉన్నారు. అప్పట్లో అదే విశ్వవిద్యాలయంలో స్కాట్ హాలిస్టర్ అనే ఇంజనీరు ఉండేవారు. ఇద్దరూ కలిసి ఆలోచించారు. బీరపాదుకు పందిరి వేసినట్టు ఈ గొట్టానికి ఆసరా ఇవ్వాలి అనుకున్నారు.

మొదట స్కానింగ్ తీశారు. బిడ్డ ఊపిరిగొట్టం ఎంత లావు, ఎంత పొడవు, ఎక్కడ వంపు ఉంది, అన్నీ కంప్యూటర్‌లో చూశారు. ఆ కొలతలకు సరిపోయే తొడుగు బొమ్మ గీశారు. దాన్ని త్రీ-డి ప్రింటింగ్ యంత్రంలో తయారు చేశారు.

ఈ యంత్రం ఎలా పని చేస్తుంది? మట్టిగోడ ఎలా పెడతారు? ఒక వరస పెట్టి, దాని మీద ఇంకో వరస పెడతారు. ఇదీ అంతే. యంత్రం ప్లాస్టిక్ పొడిని పలచగా పరుస్తుంది. బొమ్మలో గీత ఉన్న చోట మాత్రమే వేడి కిరణం తగులుతుంది. అక్కడ పొడి కరిగి అతుక్కుంటుంది. మళ్లీ పొడి పరుస్తుంది, మళ్లీ కిరణం తగులుతుంది. అలా వరస మీద వరస లేచి వస్తువు తయారవుతుంది. చివరికి మిగిలిన పొడి దులిపేస్తారు.

ఆ తొడుగు చిన్న గొట్టంలాగా ఉంటుంది. కడియంలాగే ఒక పక్క తెరిచి ఉంటుంది. దాన్ని ఊపిరిగొట్టానికి బయట తొడిగారు. మెత్తబడ్డ గోడను తొడుగుకు కుట్టారు. ఆ కుట్లు గోడను బయటికి లాగి పట్టాయి. దారి తెరుచుకుంది. అక్కడే బిడ్డ ఛాతీ లేవడం, దిగడం చూశారు. మూడు వారాలకు ఊపిరి యంత్రం తీసేశారు.

బిడ్డ పెరిగితే గొట్టమూ లావెక్కుతుంది. అప్పుడు తొడుగు తెరిచిన పక్క నుంచి మెల్లగా విచ్చుకుంటుంది. సుమారు మూడేళ్లలో ఒంట్లో కలిసిపోతుంది. కాన్పులో వేసే కరిగే కుట్లు మీకు తెలుసు గదా! అలాంటిదే అనుకోండి. అప్పటికి గొట్టం గట్టిపడుతుంది. మళ్లీ కోయాల్సిన పని లేదు.

ఇలా ముగ్గురు పిల్లలకు చేసిన వైద్యం గురించి 2015లో ఆ డాక్టర్లు ప్రకటించారు. ముగ్గురూ బతికి పెరుగుతున్నారని చెప్పారు.

పొడవు, వెడల్పు, ఎత్తు - ఇవి మూడు కొలతలు. కాలం నాలుగోది. కాలంతో పాటు ఆకారం మారేలా వస్తువును తయారు చేయడాన్ని ఫోర్-డి ప్రింటింగ్ అంటారు. వానాకాలంలో మీ ఇంటి తలుపు ఉబ్బి పట్టేస్తుంది గదా! నీళ్లు తాగి కర్ర ఆకారం మారింది. కావాలని అలా మారేటట్టు చేస్తే? అమెరికాలోనే స్కైలర్ టిబిట్స్ అనే ఆయన 2013లో ఒక పుల్లలాంటి వస్తువును చూపించారు. అందులో కొంత గట్టి పదార్థం, కొంత నీటిలో ఉబ్బే పదార్థం ఉన్నాయి. నీళ్లలో వేస్తే అది దానంతట అదే వంగి, అక్షరాలుగా మారింది!

అయితే ఒక మాట. ఆ ఊపిరి తొడుగు అన్ని ఆసుపత్రుల్లో దొరికే వైద్యం కాదు. పిల్లలందరికీ అది అక్కర్లేదు కూడా. జబ్బు కొద్దిగా ఉన్న పిల్లలకు, రెండు మూడేళ్లు వచ్చేసరికి గొట్టం గట్టిపడి చాలావరకు తగ్గిపోతుంది. ఏది కొద్దిపాటి జబ్బో, ఏది ప్రమాదమో డాక్టరే చెప్పాలి.

అందుకే ఈ గుర్తులు మరచిపోకండి. బిడ్డ డొక్కలు ఎగరేస్తోందా? ఊపిరిలో పిల్లికూతలు వస్తున్నాయా? పాలు తాగలేక వదిలేస్తోందా? పెదవులు నీలంగా మారాయా? ఆలస్యం చేయకండి. గాలి సోకిందని, దిష్టి తగిలిందని కూర్చోకండి. పొట్ట మీద వాతలు పెట్టించకండి. వాత వల్ల ఊపిరి రాదు, పసిఒంటికి పుండు మిగులుతుంది. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి పోండి.

పోయేటప్పుడు పాత చీటీలు, బిడ్డ టీకాల కార్డు తీసుకుపోండి. ఆపరేషన్ అంటే డాక్టర్లు కాగితం మీద సంతకం అడుగుతారు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. వేలిముద్ర వేసే రోజులు పోయాయి. కాగితంలో ఏముందో చదవండి. తెలియని మాట ఉంటే వేలు పెట్టి చూపించి అడగండి. అడగడానికి సిగ్గు పడకండి.

బిడ్డ ఊపిరి ఎలా ఉందో ముందుగా తెలిసేది తల్లికే. ఎంత పెద్ద యంత్రమైనా, తల్లి బిడ్డను తెచ్చాకే గదా పని చేసేది!