నిఖత్‌ది ఏ వరుస?

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది మేటి బాక్సర్లలో ఏ స్థానం అన్న వాదన భిలాయిలోని మన తెలుగువాళ్ళ మధ్య కూడా నడుస్తూనే ఉంది. నాకు తోచింది చెప్తాను.

లెక్క ప్రకారమైతే మేరీ కోమ్‌దే పైచేయి. 6 ప్రపంచ టైటిళ్ళు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం. నిఖత్‌వి 2 ప్రపంచ టైటిళ్ళు: 2022లో ఇస్తాంబుల్, 2023లో ఢిల్లీ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడింది. ఆ వూ యూయే చివరికి స్వర్ణం గెలిచింది.

"ఒలింపిక్ పతకం లేదు కదండీ" అంటారు కొందరు. మన సైన్యం బిడ్డ హవా సింగ్‌కూ లేదు. 1966, 1970 ఏషియాడ్‌లలో హెవీవెయిట్ స్వర్ణాలు తెచ్చాడు. ఆయన గొప్పవాడు కాదని ఫౌజులో ఎవరైనా అంటారా?

నిఖత్‌లో నాకు నచ్చింది ఇంకొకటి. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ పెట్టి ఎంపిక చేయమని బహిరంగంగా అడిగింది. ఎదుట ఉన్నది మేరీ కోమ్! ట్రయల్ జరిగింది, 1-9తో ఓడింది. అయినా ఆ అడగడం న్యాయం. మన దగ్గర జవానైనా, కర్నలైనా ఫిట్‌నెస్ పరీక్షకు పరుగెత్తాల్సిందే. ఈ ఊరి రైలు పట్టా కూడా పరీక్ష కాకుండా గేటు దాటదు. రెండున్నరేళ్ళు తిరగకముందే ఆ ఓడిన పిల్ల ప్రపంచ ఛాంపియన్ అయింది.

అందుకే మన దేశపు మహిళా బాక్సర్లలో మేరీ కోమ్ పక్క కుర్చీ నిఖత్‌దే అంటాను. కాదనేవారు టీ దగ్గర వాదించండి, నేను సిద్ధం. జై హింద్!