మడమ నొప్పికి ఇంటి మెట్టు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతన్నలు గుంటమగ్గంలో పొద్దంతా కాళ్లాడిస్తారు. పులివెందుల తోటల్లో కూలీలు అరటిగెలలు మోస్తారు. నొప్పి పుడితే సూది వేయించుకుని పడుకుంటాం. కానీ కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువుకు విశ్రాంతి ఒక్కటే చాలదు. మెల్లమెల్లగా పెంచే బరువుతోనే అది గట్టిపడుతుంది.

మడమ వెనుక స్నాయువు నొప్పికి 1998లో స్వీడన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌సన్ చూపిన పద్ధతి ఇంటి మెట్టు మీదే చేసుకోవచ్చు. మెట్టు అంచున మునివేళ్లతో నిలబడి, గోడ పట్టుకుని, మంచి కాలి సాయంతో మునివేళ్లపై లేవండి. నొప్పి కాలి మీద బరువు మోపి, ఆ మడమను నిదానంగా మెట్టు కిందికి దించండి. 15 సార్ల చొప్పున మూడు విడతలు మోకాలు చాపి, మళ్లీ మూడు విడతలు కాస్త వంచి; రోజుకు రెండు పూటలా, 12 వారాలు. కొద్దిపాటి నొప్పికి భయపడి మానేయకండి. టప్‌మని తెగినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.